బూట్ కాని కంప్యూటర్, తెగని ప్రామాణ్యవాదం

2024 ఆగస్టు 13న మైక్రోసాఫ్ట్ సంస్థ ప్రతి నెలా ఇచ్చినట్టే విండోస్‌కు భద్రతా అప్‌డేట్ ఇచ్చింది. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే, ఒకే కంప్యూటర్లో విండోస్‌నూ లినక్స్‌నూ పక్కపక్కన పెట్టుకున్నవాళ్లలో (దీన్నే డ్యూయల్ బూట్ అంటారు) చాలామందికి లినక్స్ వైపు దారి మూసుకుపోయింది. ఉబుంటు, డెబియన్, లినక్స్ మింట్, జోరిన్, పప్పీ, అన్నిటిదీ అదే కథ. పవర్ బటన్ నొక్కి లినక్స్ ఎంచుకుంటే తెర మీద రెండు ముక్కలు కనిపించేవి: షిమ్ తాలూకు ఎస్‌బాట్ తనిఖీ విఫలమైంది, ఏదో పెద్ద తప్పు జరిగింది. ఆ వెంటనే కంప్యూటర్ ఆగిపోయేది.

డిస్కు చెడలేదు. లినక్స్ ఫైళ్లలో ఒక్క అక్షరం మారలేదు. మారింది ఒక్కటే. నిన్నటిదాకా నమ్మదగినదని లోపలికి రానిచ్చిన ప్రోగ్రాం ఈ రోజు నమ్మదగనిదని తేలింది. తేల్చింది ఎవరు? ఆ అధికారం వాళ్లకు ఎవరిచ్చారు? వాళ్లను నమ్మాలని చెప్పింది ఎవరు? కంప్యూటర్ రిపేరుకు కూర్చున్నవాడికి ఈ ప్రశ్నలు చిరాకు పుట్టించవచ్చు. అయితే భారతీయ దర్శనాలు వెయ్యేళ్లకు పైగా తలలు బద్దలు కొట్టుకున్న ప్రశ్న సరిగ్గా ఇదే. ఒక జ్ఞానం సత్యమని ఎలా తెలుస్తుంది? దాని ప్రామాణ్యం దానిలోనే ఉందా, బయటినుంచి రావాలా? మొదటిది స్వతఃప్రామాణ్యం, రెండోది పరతఃప్రామాణ్యం. మీమాంసకులు మొదటి పక్షం, నైయాయికులు రెండో పక్షం.

కంప్యూటర్ చరిత్రలో ఈ రెండు పక్షాలూ వరసగా రాజ్యమేలాయి.

పాత బయోస్ రోజుల్లో కంప్యూటర్ లేవగానే డిస్కులోని మొట్టమొదటి 512 బైట్లను చదివేది. చివరి 2 బైట్లలో ఒక నిర్ణీత గుర్తు ఉందా అని మాత్రం చూసేది. ఉంటే చాలు, లోపలున్న 446 బైట్ల ప్రోగ్రాంకు పగ్గాలు అప్పగించేది. రాసింది ఎవరు, ఎందుకు రాశారు అని అడిగేది కాదు. ఏడో శతాబ్దపు మీమాంసకుడు కుమారిలభట్టు శ్లోకవార్తికంలో నిలబెట్టిన వాదం ఈ పద్ధతికి చాలా దగ్గర. జ్ఞానం పుట్టిందంటే అది ప్రమాణమే. దాన్ని కాదనడానికి రెండే కారణాలు ఉంటాయి. తర్వాత వచ్చిన మరో జ్ఞానం దాన్ని కొట్టివేయాలి, లేదా అది పుట్టిన సాధనంలోనే దోషం ఉందని తెలియాలి. అంతవరకు అనుమానించే హక్కు ఎవరికీ లేదు.

ఆ ఉదారతకు కంప్యూటర్లు మూల్యం చెల్లించాయి. 1986లో లాహోర్‌లో పుట్టిన బ్రెయిన్ అనే వైరస్ ఫ్లాపీల బూట్ సెక్టార్లోనే కాపురం పెట్టింది. మొదట చదివేది దాన్నే కాబట్టి మొదట నడిచేదీ అదే. డ్యూయల్ బూట్ పెట్టుకున్నవాళ్లకు మరో బాధ ఉండేది. లినక్స్ ఉన్న కంప్యూటర్లో విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే ఆ 446 బైట్ల మీద అది తన ప్రోగ్రాం రాసుకునేది. ఏ సిస్టమ్ లేవాలో ఎంచుకోనిచ్చే లినక్స్ బూట్ ప్రోగ్రాం గ్రబ్, దాని మెనూ మాయమయ్యేది. లినక్స్ డిస్కు మీద భద్రంగానే ఉండేది, దానికి దారి చూపేవాడే ఉండేవాడు కాదు.

2012లో విండోస్ 8తో పాటు సెక్యూర్ బూట్ విస్తృతంగా వచ్చింది. కంప్యూటర్లు పరతఃప్రామాణ్యంలోకి అడుగుపెట్టింది అప్పుడే. మదర్‌బోర్డులోని యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ ఇప్పుడు దేన్నీ ఊరికే నమ్మదు. ప్రతి ప్రోగ్రాం మీదా డిజిటల్ సంతకం చూస్తుంది. చాలా కంప్యూటర్లలో ఆ సంతకాన్ని గుర్తించే తాళంచెవులు మైక్రోసాఫ్ట్‌వి. లినక్స్ కూడా లేవాలంటే మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న చిన్న ప్రోగ్రాం ఒకటి ముందు నడవాలి. దాని పేరే షిమ్. ఫర్మ్‌వేర్ షిమ్‌ను పరీక్షిస్తుంది, షిమ్ గ్రబ్‌ను పరీక్షిస్తుంది, గ్రబ్ చేతికి వచ్చిన, లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌కూ పరీక్ష తప్పదు. ఒకరి మాటకు మరొకరి పూచీ.

మరి ఫర్మ్‌వేర్‌కు పూచీ ఎవరు?

నైయాయికులను మీమాంసకులు నిలదీసింది ఇక్కడే. ఒక జ్ఞానం సరైనదని చెప్పడానికి రెండోది కావాలంటే, రెండోదానికి మూడోది, దానికి నాలుగోది కావాలి. ఇది ఆగదు. తర్కశాస్త్రంలో దీనికి అనవస్థాదోషమని పేరు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే నాగార్జునుడు విగ్రహవ్యావర్తనిలో ఇదే బాణం వేశాడు. ప్రమాణాలను ప్రమాణాలతో నిరూపిస్తే అంతు ఉండదు, ఏ ఆధారమూ లేకుండా అవి నిలుస్తాయంటే మిగతావాటికి మాత్రం ఆధారం ఎందుకు అడగాలి? శాతవాహన రాజుతోనూ ఆంధ్రదేశంతోనూ సంప్రదాయం ముడిపెట్టిన ఈ బౌద్ధాచార్యుడి పేరు నాగార్జునకొండకు, దాని పక్కన కట్టిన సాగర్‌కు నిలిచింది. ఆ ప్రశ్న మాత్రం ఏ జలాశయంలోనూ మునగలేదు.

కంప్యూటర్ శాస్త్రంలో ఆ ప్రశ్నను అంతే సూటిగా అడిగినవాడు యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్. 1984లో అచ్చయిన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో ఆయన ఒక కుట్రను విప్పి చూపించాడు. లాగిన్ ప్రోగ్రాంలో దొంగదారి పెట్టాలంటే దాని సోర్స్‌లో పెట్టనక్కర్లేదు, దాన్ని తయారుచేసే కంపైలర్లో పెడితే చాలు. కంపైలర్ సోర్స్ చదివి పట్టుకుంటారనుకుంటే, ఆ కంపైలర్‌ను తయారుచేసే కంపైలర్లో పెట్టవచ్చు. అప్పుడు ఏ సోర్స్‌లోనూ ఏమీ కనిపించదు. తాను పూర్తిగా తయారుచేయని ప్రోగ్రాంను ఎవరూ పూర్తిగా నమ్మలేరన్నది ఆయన తేల్చిన సంగతి.

ఊహ సరే, నిజంగా ఎక్కడైనా పునాది కదిలిందా అంటే, కదిలింది. 2024 జూలైలో బైనర్లీ అనే భద్రతా పరిశోధన సంస్థ ఒక విషయం బయటపెట్టింది. సెక్యూర్ బూట్ గొలుసులో అన్నిటికీ పైనుండే ప్లాట్‌ఫామ్ కీని కొన్ని కంపెనీలు సొంతంగా తయారుచేసుకోలేదు. పరీక్షల కోసం ఇచ్చిన నమూనా కీనే ఉంచి కంప్యూటర్లు అమ్మేశాయి. వందల మోడళ్లలో ఇదే తంతు. ఆ కీ ధ్రువపత్రం పేరులోనే నమ్మవద్దు అని ఇంగ్లీషులో స్పష్టంగా రాసి ఉంది. కింద ఉన్న ప్రతి సంతకాన్నీ కచ్చితంగా పరీక్షించే వ్యవస్థ, నమ్మవద్దని తానే చెప్పుకున్న రాయి మీద నిలబడింది. పరతఃప్రామాణ్యానికి ఇంతకంటే గట్టి చిక్కు ఊహించడం కష్టం.

నైయాయికులకు ఈ చిక్కు తెలియదని కాదు. వారిలో ఒకడైన ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో వేద ప్రామాణ్యానికి ఆప్తుడైన ఈశ్వరుణ్ణి పూచీగా నిలబెట్టాడు. అక్కడితో గొలుసు ఆగాలి. కర్త ఎవరూ లేరు కాబట్టి కర్తృదోషమూ లేదు, అందుకే వేదం స్వయంగా ప్రమాణం అన్నారు మీమాంసకులు. వాదన ఏదైనా ఇద్దరూ చేసింది ఒకటే. ఎక్కడో ఒకచోట అడుగు మోపారు. మోపిన చోటు వేరు.

ఆ రెండు వైఖరులూ రోజూ పనిచేసే చోటు ఒకటుంది. అది లేవని కంప్యూటర్ ముందు కూర్చున్నవాడి బుర్ర. బూట్ సమస్యను విడదీయడమంటే ఏది నమ్మాలి, ఏది అనుమానించాలి అని వరసగా తేల్చుకోవడమే. దీనికి దర్శనాలు పదును పెట్టి ఉంచిన పనిముట్లు ఆశ్చర్యపడేంతగా అక్కరకొస్తాయి.

కొత్త లాప్‌టాప్ మీద లినక్స్ పెడదామని పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించదు. డిస్కు పోయిందని భయపడేవాళ్లు ఎందరో. విండోస్ అదే డిస్కు మీద హాయిగా నడుస్తూ ఉంటుంది. కుమారిలుడి మీమాంస అనుపలబ్ధిని, అంటే కనిపించకపోవడాన్ని, ఒక ప్రమాణంగా ఒప్పుకుంది. నేల మీద కుండ కనిపించలేదు కాబట్టి కుండ లేదు. కానీ అక్కడే ఒక గట్టి షరతు పెట్టింది. కుండ ఉంటే తప్పక కనిపించేదన్న పరిస్థితి ఉండాలి. చీకట్లో కనిపించని కుండ లేనట్టు లెక్క కాదు, అది అయోగ్యమైన అనుపలబ్ధి. చాలా లాప్‌టాప్‌లలో డిస్కు కంట్రోలర్ ఇంటెల్ ఆర్ఎస్‌టీ లేదా వీఎండీ పద్ధతిలో ఉంటుంది. దానికి తగిన డ్రైవర్ లేని ఇన్‌స్టాలర్‌కు డిస్కు చీకట్లో ఉన్నట్టే. సెట్టింగ్‌ను ఏహెచ్‌సీఐకి మారిస్తే కనిపిస్తుంది. విండోస్‌ను అందుకు ముందుగా సిద్ధం చేయకుండా మారిస్తే ఈసారి విండోస్ లేవదు.

ఇంతకంటే తరచుగా ఎదురయ్యేది గ్రబ్ మెనూలో విండోస్ పేరు లేకపోవడం. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి, ఇతర ఆపరేటింగ్ సిస్టమ్‌లను వెతికే ఓఎస్ ప్రోబర్‌ను మామూలుగా ఆపి ఉంచుతున్నారు. భద్రత కోసమే ఆ మార్పు. గ్రబ్ విండోస్‌ను చూడలేకపోవడానికి కారణం అది కళ్లు తెరవకపోవడం. సెట్టింగ్ ఫైల్లో ఒక్క వరుస మార్చి, మెనూను మళ్లీ తయారుచేయిస్తే పేరు వచ్చి కూర్చుంటుంది. అయోగ్యమైన అనుపలబ్ధిని యోగ్యమైనదిగా భ్రమపడి డిస్కును ఫార్మాట్ చేసి, ఫొటోలూ పత్రాలూ పోగొట్టుకున్నవాళ్లకు ఈ తేడా కేవలం శాస్త్రచర్చగా కనిపించదు.

ఇక మీమాంసకుల మరో ప్రమాణం అర్థాపత్తి. దేవదత్తుడు బొద్దుగా ఉన్నాడు, పగలు తినడు. అయితే రాత్రి తింటున్నాడన్నమాట. ఈ రెండు సంగతులూ పొసగాలంటే మూడోది ఒప్పుకోక తప్పదు. విండోస్‌ను షట్‌డౌన్ చేశారు. లినక్స్‌లోకి వెళ్లి విండోస్ డ్రైవ్‌లో ఫైల్ పెట్టబోతే రాయనివ్వదు, చదవడానికి మాత్రమే అంటుంది. డ్రైవ్ చెడలేదు, అనుమతులు సరిగ్గానే ఉన్నాయి. అయితే విండోస్ నిజంగా ఆగలేదన్నమాట. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ చేసేది అదే. యూజర్ సెషన్‌ను ముగించి, కెర్నెల్ స్థితిని మాత్రం డిస్కు మీద దాచుకుని నిద్రపోతుంది. మళ్లీ లేచినప్పుడు డ్రైవ్ తాను వదిలినట్టే ఉందనుకుని పని మొదలుపెడుతుంది. మధ్యలో మరొకరు అక్కడ రాస్తే ఫైల్ సిస్టమ్ దెబ్బతింటుంది. లినక్స్ వెనక్కి తగ్గడం మర్యాదే. కంట్రోల్ ప్యానెల్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేస్తే సమస్య ఉండదు.

గడియారం గొడవ ఇంకా లోతైనది. లినక్స్ వాడి విండోస్‌లోకి వస్తే, భారతదేశంలో టైమ్ సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు వెనక్కి ఉంటుంది. మదర్‌బోర్డు మీద బ్యాటరీతో నడిచే గడియారం ఒక్కటే. అందులోని అంకెను లినక్స్ అంతర్జాతీయ సమయంగా తీసుకుంటుంది, విండోస్ స్థానిక సమయంగా తీసుకుంటుంది. ఇందులో తప్పుగా చూసింది ఎవరు? తాడును పామనుకోవడం, ముత్యపుచిప్పను వెండి అనుకోవడం గురించి దర్శనాల్లో ఖ్యాతివాదాలని పెద్ద చర్చే ఉంది. ఒక వస్తువును మరో వస్తువుగా గ్రహించడమే భ్రమ, అది అన్యథాఖ్యాతి అన్నారు నైయాయికులు. మీమాంసకుడు ప్రభాకరుడు ఒప్పుకోలేదు. ఎదురుగా ఉన్నది కనిపించడం నిజమే, వెండి గుర్తుకు రావడం నిజమే. రెండిటికీ మధ్య తేడా పట్టుకోకపోవడం ఒక్కటే లోపం, అది అఖ్యాతి అన్నాడు. కంప్యూటర్ గడియారం విషయంలో ప్రభాకరుడి వైపే న్యాయం కనిపిస్తుంది. అంకె సరైనదే. రెండు సంప్రదాయాలూ దేనికది సరైనవే. తేడా ఉందన్న సంగతి మాత్రం ఏ పక్షానికీ తెలియదు. ఏదో ఒక సిస్టమ్‌కు ఆ తేడా చెబితే చాలు. విండోస్‌కు రిజిస్ట్రీలో చెప్పవచ్చు, లినక్స్‌కు ఒక్క కమాండుతో చెప్పవచ్చు. బ్యాటరీ మార్చడం దండగ.

రెండూ ఒకదాని మీద ఒకటి ఆధారపడే అన్యోన్యాశ్రయానికీ బూట్‌లో చోటుంది. డిస్కు చదవాలంటే డ్రైవర్ కావాలి, ఆ డ్రైవరేమో డిస్కులోనే ఉంది. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న తాత్కాలిక ఫైల్ సిస్టమ్‌ను గ్రబ్ ముందే మెమరీలోకి ఎక్కించి ఈ ముడి విప్పుతుంది. అది సరిగ్గా తయారుకాకపోతే మూల ఫైల్ సిస్టమ్ దొరకలేదంటూ కెర్నెల్ అక్కడే కూలబడుతుంది.

ఇక ఆగస్టు 2024 వైపు వెళితే, ఆ అప్‌డేట్ ఉద్దేశం మంచిదే. 2022లో గ్రబ్‌లో ఒక లోపం బయటపడింది. లోపమున్న పాత గ్రబ్‌లకు కూడా సంతకాలు ఉన్నాయి కాబట్టి సెక్యూర్ బూట్ వాటిని రానిస్తూనే ఉంది. కుమారిలుడి మాటల్లో ఇది కారణదోషజ్ఞానం. సాధనంలో తప్పు ఉందని తెలిసింది, పాత ప్రామాణ్యం కొట్టివేయాలి. అంతకుముందు 2020లో బూట్‌హోల్ అనే లోపం వచ్చినప్పుడు కొట్టివేసిన సంతకాల జాబితాయే ఫర్మ్‌వేర్లో ఆ పనికి ఉన్న 32 కిలోబైట్లలో మూడో వంతు దాకా తినేసింది. ఒక్కొక్క ప్రోగ్రాంను పేరుపేరునా నిషేధిస్తూ పోతే చోటు చాలదని, ఫలానా తరానికి ముందువన్నీ చెల్లవు అని ఒక్క అంకెతో చెప్పే ఎస్‌బాట్ పద్ధతిని తెచ్చారు. డ్యూయల్ బూట్ ఉన్న కంప్యూటర్లకు ఆ మార్పు వర్తించదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. కానీ డ్యూయల్ బూట్ పెట్టుకునే పద్ధతులు ఎన్నో ఉన్నాయి, కొన్నిటిని ఆ అప్‌డేట్ పసిగట్టలేకపోయింది. సెప్టెంబరు అప్‌డేట్ నుంచి ఈ చిక్కు తెచ్చిన సెట్టింగ్‌ను తీసేశారు.

చిక్కుకున్నవాళ్లు బయటపడిన దారిలోనే ఈ వ్యవహారంలోని అసలు తత్త్వం ఉంది. కొట్టివేత అంకె ఫర్మ్‌వేర్ జ్ఞాపకంలో కూర్చుంది కాబట్టి పాత లైవ్ పెన్‌డ్రైవ్‌లు కూడా లేవలేదు. అందుకని ముందు సెక్యూర్ బూట్‌ను ఆపాలి. ఏ పరీక్షా లేకుండా లినక్స్‌ను లేపాలి. మోక్‌యుటిల్ అనే పనిముట్టుతో ఎస్‌బాట్ విధానాన్ని తుడిచేయాలి. మళ్లీ లేపి, ఆ తర్వాతే సెక్యూర్ బూట్‌ను ఆన్ చేయాలి. పరీక్షించే వ్యవస్థను బాగుచేయడానికి పరీక్ష లేని నమ్మకంలో నుంచి నడవాల్సి వచ్చింది. విండోస్ డ్రైవ్‌కు బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ ఉంటే ఈ మార్పు చూసి అది 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది ముందే రాసి పెట్టుకోనివాళ్ల కష్టం మరింత పెద్దది.

ఉదయనుడు అనుమానానికి ఒక హద్దు గీశాడు. సందేహం మనిషి చేసే పనితోనే విరోధించే చోట ఆగిపోవాలి. తర్వాతి నైయాయికుడు గంగేశుడు దాన్ని ఇంకా విప్పి చెప్పాడు. పొగ కోసం నిప్పు రాజేసేవాడు, ఆకలి తీరడానికి అన్నం తినేవాడు, నిప్పుకూ పొగకూ అన్నానికీ తృప్తికీ సంబంధం ఉందో లేదో అనడం చెల్లదు. ఖండనఖండఖాద్యం రాసిన శ్రీహర్షుడు ఉదయనుడి మాటనే తలకిందులు చేసి, విరోధం ఉందంటే సందేహం ఉన్నట్టే కదా అని ఎదురు కొట్టాడు. తర్కంలో శ్రీహర్షుడిది పైచేయి కావచ్చు. కానీ అంతా అనుమానమే అంటూనే పెన్‌డ్రైవ్ గుచ్చి బూట్ మెనూ తెరిచేవాడు, ఆ పెన్‌డ్రైవ్‌నూ ప్రాసెసర్‌నూ తన కళ్లనూ అప్పటికే నమ్మేశాడు. ఈ విషయంలో ఉదయనుడే గెలిచాడు.

కుమారిలుడు మరో మాటా అన్నాడు. అనుమానం వచ్చినప్పుడు మూడు నాలుగు జ్ఞానాల దాకా పరీక్షిస్తే చాలు, అంతకు మించి వెతకనక్కర్లేదు. ఫర్మ్‌వేర్, షిమ్, గ్రబ్, కెర్నెల్ లెక్కపెడితే నాలుగే. ఇది కాకతాళీయమే. అయినా అనుభవం ఉన్న మెకానిక్ ఆగే చోటు అదే. ఈ నాలుగింటిలో ఎక్కడిదాకా వచ్చి ఆగిందో కనిపెడితే సమస్య దాదాపు చేతికి చిక్కుతుంది. మెనూ కనిపించిందా? అయితే ఫర్మ్‌వేర్, షిమ్, గ్రబ్ బాగున్నాయి. కెర్నెల్ సందేశాలు కదులుతున్నాయా? అయితే గ్రబ్ పని ముగిసింది. నైయాయికులు చెప్పిన సంవాదం ఇదే. నీళ్లు కనిపించాయి, వెళ్లి తాగితే దాహం తీరింది, కాబట్టి అది ఎండమావి కాదు. అన్నంభట్టు తర్కసంగ్రహంతో తర్కం మొదలుపెట్టే విద్యార్థి తొలిరోజుల్లోనే నేర్చుకునే ఈ పాఠం, ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో ఉబుంటు లేవక తల పట్టుకున్న కుర్రాడికి కూడా అంతే పనికొస్తుంది.

ఇక్కడ ఒక పక్షం తీసుకోవాలంటే, మొదలుపెట్టడానికి మీమాంస కావాలి, చెడినప్పుడు న్యాయం కావాలి. సంతకం లేనిదే అడుగు కదలనివ్వని వ్యవస్థ తన తాళంచెవిని ఎవరి చేతిలో పెట్టిందో చెప్పి తీరాలి. ఆ తాళంచెవిలో యజమానికీ వాటా ఉండాలి. షిమ్‌లో ఆ ఏర్పాటు లేకపోలేదు. యజమాని తన సొంత కీని నమోదు చేసుకోవచ్చు, అందుకు బూట్ మధ్యలో నీలం తెర వచ్చి పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ తెర ఎందుకొచ్చిందో తెలియక దాటేసేవాళ్లే ఎక్కువ.

మైక్రోసాఫ్ట్ 2011లో జారీ చేసిన సెక్యూర్ బూట్ ధ్రువపత్రాల గడువు 2026 జూన్ నుంచి వరసగా తీరుతుంది. వాటి స్థానంలో 2023 నాటి కొత్తవి రావాలి. అప్పటికే సంతకమున్న ప్రోగ్రాంలు గడువు తీరినంత మాత్రాన ఆగిపోవు. కొత్త షిమ్‌ల మీద పాత ధ్రువపత్రంతో సంతకం చేయడం మాత్రం కుదరదు. కొత్త తాళంచెవి చేరని పాత లాప్‌టాప్‌లో రేపటి లినక్స్ లేవాలంటే, కొత్త ధ్రువపత్రాన్ని ఫర్మ్‌వేర్లోకి ఎక్కించాలి, లేదా సెక్యూర్ బూట్ ఆపేయాలి. అప్‌డేట్లు ఇవ్వడం మానేసిన తయారీదారు ఆ పని చేయడు కాబట్టి, ఏది చేయాలో ఆ యంత్రం యజమానే తేల్చుకోవాలి.